వేలు గుచ్చుకోకుండా లాక్టేట్ థ్రెషోల్డ్ తెలుసుకోవడం ఎలా? రన్నర్లకు హెచ్‌ఆర్‌వీ పద్ధతి

"ల్యాబ్‌కి వెళ్లకుండా నా థ్రెషోల్డ్ ఎంతో ఎలా తెలుస్తుంది?", "వాచీ చూపించే జోన్ 2 (తేలిక పరుగు హార్ట్ రేట్ హద్దులు) నమ్మొచ్చా?" మారథాన్లు దగ్గరపడే కొద్దీ ఈ రెండు ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అడిగేవాళ్లలో చాలామందికి చేతికి మంచి వాచీ, ఛాతీకి హార్ట్ రేట్ కొలిచే పట్టీ రెండూ ఉంటాయి. ఆ పట్టీ చాలు. గుండె బీట్‌కీ బీట్‌కీ మధ్య తీసుకునే సమయంలో వచ్చే చిన్న చిన్న తేడాలను (హార్ట్ రేట్ వేరియబిలిటీ, పొట్టిగా హెచ్‌ఆర్‌వీ) బట్టి లాక్టేట్ థ్రెషోల్డ్‌ని, అంటే కండరాలు శ్రమించేటప్పుడు తయారయ్యే లాక్టేట్ రక్తంలో పెరగడం మొదలయ్యే హద్దుని, అంచనా వేయొచ్చు, రక్తం చుక్క అక్కర్లేదు. కానీ పద్ధతిగా చేయాలి. హడావుడిగా చేస్తే కూడా ఒక నంబర్ వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, దాన్ని నమ్ముకుని మూడు నెలలు ట్రైనింగ్ చేస్తే ఆ మూడు నెలలూ వృథా.

ముందే చెప్పేస్తున్నా: థ్రెషోల్డ్‌లు రెండు ఉంటాయి, ఏవేంటో కింద చెప్తాను; ఈ పద్ధతి మొదటి థ్రెషోల్డ్‌కి బాగా పనికొస్తుంది, రెండోదానికి ఒక మోస్తరుగా. మనలో ఎక్కువమందికి కావాల్సింది మొదటిదే, ఎందుకంటే ఈజీ రన్ ఎక్కడ ఆగాలో చెప్పేది అదే.

ఇంతవరకు తెలిస్తే చాలు

మెల్లగా మొదలుపెట్టి స్పీడు పెంచుకుంటూ పోతే, రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయి నుంచి మొదటిసారి పైకి కదిలే చోటు మొదటి థ్రెషోల్డ్. ఇంకా పెంచితే, ఒంట్లో తయారయ్యే లాక్టేట్‌ని ఒళ్లు వాడుకోలేక అది పోగుపడిపోయే చోటు రెండోది. లీటరుకు 2 మిల్లీమోల్స్ దగ్గర మొదటిది, 4 దగ్గర రెండోది అని ఎప్పటినుంచో చెప్పుకునే లెక్క ఒకటి ఉంది, కానీ అది మనిషి మనిషికీ మారుతుంది.

హెచ్‌ఆర్‌వీ వైపు మనం చూసేది ఒకే ఒక్క నంబర్: డీఎఫ్ఏ ఆల్ఫా 1. దీన్ని ఇకమీద ఆల్ఫా అనే అంటాను. బీట్ల మధ్య విరామాలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో ఇది చెప్తుంది. తేలిగ్గా పరిగెత్తుతుంటే 1 దగ్గర, ఒక్కోసారి అంతకంటే పైన ఉంటుంది. శ్రమ పెరిగే కొద్దీ దిగుతుంది. 0.75కి దిగిన చోట మొదటి థ్రెషోల్డ్, 0.5కి దిగిన చోట రెండోది అని లెక్క. బ్రూస్ రోజర్స్, థామస్ గ్రోన్‌వాల్డ్ అనే పరిశోధకుల బృందం ట్రెడ్‌మిల్ మీద రన్నర్లను పరీక్షించి 0.75 సంగతి 2021 జనవరిలో ప్రచురించింది, 0.5 సంగతి అదే ఏడాది తర్వాత వచ్చింది. ఇక్కడ ఒకటి గమనించండి. వాళ్లు పోల్చి చూసింది ఊపిరిలోని వాయువులను కొలిచి కనిపెట్టే థ్రెషోల్డ్‌తో, నేరుగా లాక్టేట్‌తో కాదు. ఆ రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి కానీ అచ్చంగా ఒకటి కావు. అందుకే ఇది అంచనా.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తీర్చేసుకుందాం. పొద్దున్న లేవగానే మంచం మీద కొలిచే హెచ్‌ఆర్‌వీ, రాత్రి నిద్రలో వాచీ చూసే హెచ్‌ఆర్‌వీ వేరు. అవి ఒళ్లు ఎంత కోలుకుందో చెప్పడానికి. "నా హెచ్‌ఆర్‌వీ 48, థ్రెషోల్డ్ ఎంత?" అని అడిగితే జవాబు లేదు, ఆ 48కీ దీనికీ సంబంధం లేదు.

ఎవరు చేయకూడదు

గుండె లయలో తేడాలున్నవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, బీటా బ్లాకర్ మాత్రలు (గుండె వేగాన్ని తగ్గించేవి) వాడేవాళ్లు ఈ పద్ధతి జోలికి వెళ్లకండి. వాళ్ల విషయంలో నంబర్లకు అర్థమే ఉండదు. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం ఎప్పుడైనా వచ్చి ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చినవాళ్లు కూడా అంతే. "టెస్టే కదా, ఏమవుతుంది" అనుకోవద్దు.

కావాల్సినవి

- ఛాతీ పట్టీ. మణికట్టు మీద పచ్చ లైటుతో కొలిచే వాచీ పరిగెత్తేటప్పుడు ఈ పనికి అస్సలు పనికిరాదు, ఎంత ఖరీదైనదైనా సరే. బీట్‌కీ బీట్‌కీ మధ్య సమయాన్ని మిల్లీసెకన్లలో ఇవ్వగలిగే పట్టీ కావాలి. పోలార్ హెచ్10 అందరూ వాడేది, పరిశోధనల్లోనూ ఎక్కువగా కనిపించేది. గార్మిన్ వాళ్ల హెచ్‌ఆర్‌ఎం డ్యుయల్, హెచ్‌ఆర్‌ఎం ప్రో కూడా ఆ డేటా ఇస్తాయి.
- రికార్డ్ చేసే సాధనం. ఆండ్రాయిడ్ ఫోన్, హెచ్10 ఉంటే ఫ్యాట్‌మ్యాక్సర్ అనే యాప్ చాలు. మార్కో ఆల్టీని చేసిన హెచ్‌ఆర్‌వీ లాగర్ ఇంకో దారి. గార్మిన్ వాచీ ఉంటే ఆల్ఫా హెచ్‌ఆర్‌వీ అనే డేటా ఫీల్డ్ వేసుకుంటే పరిగెత్తుతుండగానే నంబర్ కనిపిస్తుంది.
- తర్వాత కూర్చుని చూసుకోవడానికి రనలైజ్ వెబ్‌సైట్ గానీ, క్యూబియోస్ సాఫ్ట్‌వేర్ గానీ. ఏదో ఒకటే ఎంచుకోండి. ఒక్కోటి లెక్క కాస్త వేరుగా కడుతుంది కాబట్టి ఈసారి ఒకదానిలో, వచ్చేసారి ఇంకోదానిలో చూసి పోల్చుకుంటే తప్పుదారి పడతారు.
- ట్రెడ్‌మిల్, లేదా ఎత్తుపల్లాలు లేని దారి. ట్రెడ్‌మిల్ అయితే మరీ మంచిది.
- దాదాపు 50 నిమిషాల టైం, ఒక నీళ్ల సీసా, ఫ్యాను.

గార్మిన్ వాడేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. వాచీ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డేటా రికార్డింగ్, అక్కడ లాగ్ హెచ్‌ఆర్‌వీ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి. చేయకపోతే పట్టీ ఎంత మంచిదైనా ఫైల్లో బీట్ల డేటా ఉండదు, పరుగంతా అయ్యాక తెలుసుకుని చేసేదేమీ ఉండదు. ఫైల్ కూడా ఫిట్ ఫైలే తీసుకోవాలి, జీపీఎక్స్‌లో ఈ డేటా రాదు.

టెస్ట్ చేయడం

1. రోజు ఎంచుకోండి. ముందు రోజు లాంగ్ రన్, ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా మార్చి మార్చి పరిగెత్తడం), కాళ్ల వర్కవుట్ ఏదీ ఉండకూడదు. ఒళ్లు అలిసి ఉంటే అదే పేస్‌కి (కిలోమీటరుకు పట్టే సమయం) ఆల్ఫా మామూలు కంటే కిందికి దిగిపోతుంది, మీ థ్రెషోల్డ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. జలుబు, జ్వరం, నిద్ర లేని రాత్రి, ముందు రాత్రి మందు, ఇవేవైనా ఉంటే వాయిదా వేయండి. కాఫీ, టీ రోజూ తాగి పరిగెత్తేవాళ్లయితే అలాగే తాగండి, లేదంటే మానేయండి, కానీ ప్రతి టెస్టుకీ ఒకేలా ఉండాలి.

2. చోటు, వేళ ఎంచుకోండి. బయట చేసేటట్లయితే తెల్లవారుజామునే మొదలుపెట్టండి. విజయవాడ, రాజమండ్రి వైపు ఏప్రిల్, మే నెలల్లో ఏడింటికే ఉక్క మొదలవుతుంది, పేస్ మారకుండానే హార్ట్ రేట్ పైకి పాకుతుంది, టెస్ట్ అక్కడికక్కడే చెడిపోతుంది. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్క్ చుట్టూ పరిగెత్తడం అలవాటున్నవాళ్లు ఈ ఒక్కరోజుకి వేరే చోటు చూసుకోండి, అక్కడి ఎత్తుపల్లాలకు హార్ట్ రేట్ ఎగుడుదిగుడవుతుంది. నెక్లెస్ రోడ్డు గానీ, 400 మీటర్ల ట్రాక్ గానీ నయం. విశాఖ వాళ్లకు ఆర్కే బీచ్ రోడ్డు ఉండనే ఉంది, కాకపోతే ఎదురుగాలి లేని రోజు చూసుకోండి. ఫ్లైఓవర్లు, సిగ్నళ్ల దగ్గర ఆగాల్సిన దారులు వద్దు.

3. పట్టీని సరిగ్గా కట్టుకోండి. సగం టెస్టులు ఇక్కడే పోతాయి. అందుకే కాస్త వివరంగా చెప్తాను. పట్టీ లోపలివైపు, ఒంటికి తగిలే ఆ నల్లటి రబ్బరు భాగాలను నీళ్లతో బాగా తడపండి, ఉత్తుత్తి తడి కాదు, కారేంత తడి. ఈసీజీ తీసేటప్పుడు రాసే జెల్ మందుల షాపులో దొరుకుతుంది, అది రాస్తే ఇంకా మంచిది. పట్టీ రొమ్ముల కింద, పక్కటెముకలకు ఆనుకుని ఉండాలి, రెండు వేళ్లు కష్టంగా దూరేంత బిగువుగా. ఊపిరి బాగా పీల్చినప్పుడు నొక్కుతున్నట్టు అనిపించాలి కానీ ఇబ్బంది పెట్టకూడదు. ఆడవాళ్లకు స్పోర్ట్స్ బ్రా అంచు పట్టీ మీదికి ఎక్కి దాన్ని కదిలిస్తుంటుంది, పట్టీని అంచు లోపలికి దూర్చకుండా దానికి పూర్తిగా దిగువన కట్టుకుని చూడండి. ఏసీ జిమ్‌లో పాలిస్టర్ టీషర్టు వేసుకుంటే మొదటి పది నిమిషాలు, చెమట పట్టేదాకా, ఆ బట్ట రాపిడికే సిగ్నల్ చెడిపోతుంది. టీషర్టును కూడా ఛాతీ దగ్గర కాస్త తడిపేయండి.

పట్టీ కట్టుకుని రెండు నిమిషాలు నిలబడి యాప్‌లో చూడండి. హార్ట్ రేట్ ఉన్నట్టుండి 75 నుంచి 140కి ఎగిరి మళ్లీ దిగుతుంటే తడి సరిపోలేదు, లేదా బ్యాటరీ అయిపోవచ్చింది. హెచ్10లో వేసేది సీఆర్ 2025 బిళ్ల, టెస్టుకు ముందు కొత్తది వేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

4. కనెక్షన్ చూసుకోండి. వాచీకి, ఫోన్‌కి రెండింటికీ ఒకేసారి పంపాలంటే హెచ్10 రెండు బ్లూటూత్ కనెక్షన్లు తీసుకుంటుంది, ఆ సెట్టింగ్ పోలార్ యాప్‌లో ఆన్ అయి ఉండాలి. ఫోన్‌ని వెనక జేబులో పెడితే ఒళ్లు అడ్డొచ్చి మధ్యలో డేటా తెగిపోతుంది. నడుముకు ముందు భాగంలో బెల్టులోనో, ట్రెడ్‌మిల్ మీద ఎదురుగానో పెట్టండి.

5. వామప్ 10 నుంచి 15 నిమిషాలు. నడక, ఆ తర్వాత మీకు చాలా తేలికైన జాగింగ్. స్ట్రైడ్స్ (చిన్న చిన్న వేగపు పరుగులు), డ్రిల్స్ వద్దు. వామప్ ఆఖర్న ఆల్ఫా నంబర్ 1 చుట్టుపక్కల ఉండాలి. అప్పటికే 0.75 కింద ఉంటే మూడింట్లో ఒకటి: మీరు అలిసిపోయి ఉన్నారు, పట్టీ సరిగ్గా లేదు, లేదా ఆ జాగింగే మీకు ఎక్కువ. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకు మూడోది చాలా మామూలు. అలాంటప్పుడు వేగంగా నడవడం నుంచి మొదలుపెట్టండి, ట్రెడ్‌మిల్ అయితే నడకలోనే వాలు పెంచుకుంటూ పోయినా టెస్ట్ చేయొచ్చు.

6. మెట్లు మెట్లుగా పెంచండి. ట్రెడ్‌మిల్ వాలు 1 శాతం దగ్గర ఉంచండి. నాలుగున్నర, అయిదు గంటల్లో మారథాన్ చేసేవాళ్లు గంటకు 7 కిలోమీటర్లతో మొదలుపెట్టి ఒక్కో మెట్టుకీ అర కిలోమీటరు పెంచండి. ఇంకా వేగంగా పరిగెత్తేవాళ్లు 8తోనో 9తోనో మొదలుపెట్టొచ్చు. ఒక్కో మెట్టు 4 నిమిషాలు. రోడ్డు మీదయితే 5 నిమిషాలు పెట్టుకోండి, కిలోమీటరుకు 8 నిమిషాల పేస్, తర్వాత 7:30, తర్వాత 7:00, ఇలా.

4 నిమిషాలు ఎందుకంటే, ఏ క్షణంలోనైనా యాప్ చూపించే ఆల్ఫా ఆ క్షణానిది కాదు, వెనక రెండు నిమిషాల బీట్లన్నీ కలిపి లెక్క కట్టినది. మెట్టు ఎక్కగానే కనిపించేది పాత మెట్టు నంబరే. అందుకే ప్రతి మెట్టులో మొదటి రెండు నిమిషాలు వదిలేసి, చివరి రెండు నిమిషాల సగటు హార్ట్ రేట్, ఆ మెట్టు ఆఖర్న కనిపించే ఆల్ఫా, ఈ రెండే తీసుకోవాలి. ఈ ఒక్క విషయం అర్థమైతే యాప్‌లో నంబర్లు ఎందుకు గంతులేస్తాయో సగం అర్థమైనట్టే.

7. పరిగెత్తుతున్నంతసేపు మాట్లాడకండి. ఊపిరి తీరు మారితే ఆల్ఫా మారిపోతుంది. పక్కన స్నేహితుడు ఉంటే ముందే చెప్పేయండి. నీళ్లు తాగాలంటే మెట్టు మొదటి నిమిషంలో తాగండి. ట్రెడ్‌మిల్ కడ్డీ పట్టుకోవద్దు.

8. ఎక్కడ ఆపాలి? మొదటి థ్రెషోల్డ్ ఒక్కటే కావాలంటే ఆల్ఫా 0.6 కిందికి దిగాక ఒక మెట్టు చేసి ఆపేయొచ్చు, ఒళ్లు హూనం చేసుకోవాల్సిన పనిలేదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే, మర్నాడు మామూలుగా ట్రైనింగ్ చేసుకోవచ్చు. రెండోది కూడా కావాలంటే 0.5 దాటేదాకా వెళ్లాలి, అది గట్టి శ్రమే. తల తిరిగినట్టు అనిపిస్తే ఏ మెట్టులో ఉన్నా ఆపేయండి.

9. చివర 5 నుంచి 10 నిమిషాలు నడిచి, ఫైల్ సేవ్ అయిందో లేదో చూసుకుని, అప్పుడే పట్టీ విప్పండి.

లెక్క కట్టడం

మొట్టమొదట చూడాల్సింది ఆల్ఫా కాదు, తప్పుడు బీట్ల శాతం. యాప్‌లో దీన్ని ఆర్టిఫాక్ట్స్ అంటారు, పట్టీ వదిలేసిన బీట్లు, లేనివి ఉన్నట్టు లెక్కేసిన బీట్లు. 3 శాతం లోపు ఉంటే హాయిగా ముందుకు వెళ్లండి. 3 నుంచి 5 మధ్య ఉంటే ఆ మెట్టును అనుమానంగా చూడండి. 5 దాటితే ఆ మెట్టు తీసేయండి. రెండు మూడు మెట్లు అలా పోతే టెస్టే మళ్లీ చేయాలి. "ఫర్వాలేదు, దగ్గర దగ్గరగా ఉంది కదా" అని వాడేసుకోవద్దు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసిన నంబర్లు:

- 1వ మెట్టు: హార్ట్ రేట్ 128, ఆల్ఫా 1.12
- 2వ మెట్టు: 136, 1.02
- 3వ మెట్టు: 143, 0.91
- 4వ మెట్టు: 150, 0.79
- 5వ మెట్టు: 156, 0.66
- 6వ మెట్టు: 163, 0.52

1 కంటే బాగా పైన ఉన్న మెట్లలో ఆల్ఫా తిన్నగా దిగదు, అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి మొదటి మెట్టు పక్కనపెట్టి, 1 దగ్గర్నుంచి 0.5 దాకా తిన్నగా దిగిన భాగాన్నే తీసుకోవాలి, అంటే 2 నుంచి 6 దాకా. వాటి మీదుగా ఒక సరళరేఖ గీయాలి. గూగుల్ షీట్స్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ ఒక నిలువు వరుసలో హార్ట్ రేట్లు, పక్క వరుసలో ఆల్ఫాలు వేసి ఫోర్‌కాస్ట్ ఫార్ములా వాడండి: మొదట 0.75, తర్వాత హార్ట్ రేట్ గడులు, ఆఖర్న ఆల్ఫా గడులు. పై నంబర్లకు 151 వస్తుంది. 0.75 బదులు 0.5 పెడితే దాదాపు 165. కంప్యూటర్ లేకపోతే గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి స్కేలుతో గీత గీసినా ఒకటి రెండు బీట్ల తేడాతో అదే వస్తుంది.

ఈ మనిషి మొదటి థ్రెషోల్డ్ 151 అని కాగితం మీద రాసుకోకండి. 146 నుంచి 156 మధ్య అని రాసుకోండి. ఈజీ రన్‌కి 146 దాటకుండా చూసుకోండి. పరిశోధనల్లో గుంపు మొత్తం సగటు తీస్తే ఈ పద్ధతి ల్యాబ్ కొలతకు బాగా దగ్గరగా వచ్చింది, కానీ ఒక్కో మనిషిని విడిగా చూస్తే కొందరిలో పది బీట్లో అంతకంటే ఎక్కువో తేడా కూడా ఉంది. మీరు ఆ కొందరిలో ఒకరో కాదో ఒక్క టెస్టుతో తేలదు. దానికే కింద చెప్పబోయే పరీక్షలు.

చుక్కలు గీత మీదికి రాకుండా చెల్లాచెదురుగా ఉంటే, మధ్యలో ఆల్ఫా దిగి మళ్లీ పెరిగి మళ్లీ దిగుతుంటే, ఫార్ములా నంబర్ ఇస్తుంది కానీ తీసుకోకండి. ఫార్ములాకి ఏదిచ్చినా నంబర్ ఇస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

వాచీలో లైవ్‌గా కనిపించే నంబర్ చూసి పేస్ మార్చుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. 0.72 కనిపించగానే తగ్గిస్తారు, 0.85 అవ్వగానే పెంచుతారు, రెండు నిమిషాల పాత నంబర్ వెంట పరిగెత్తుతూ ఉంటారు. టెస్ట్ రోజు దాన్ని చూడకపోవడమే మంచిది, మెట్ల టైం చూసుకోండి చాలు.

ఇంటర్వెల్స్ చేసిన రోజు ఫైల్ తీసుకుని అందులోంచి థ్రెషోల్డ్ వెతకడం ఇంకోటి. హార్ట్ రేట్ వేగంగా పెరుగుతూ తగ్గుతూ ఉన్నప్పుడు ఆల్ఫాకి స్థిరమైన విలువ ఉండదు. గట్టిగా పరిగెత్తాక తేలిక పేస్‌కి వచ్చినా కాసేపు అది కోలుకోదు. ఒకే తీరులో నెమ్మదిగా పెరిగే పరుగులోంచే థ్రెషోల్డ్ తీయాలి.

పేస్‌ని గుర్తుపెట్టుకుని హార్ట్ రేట్ వదిలేయడం. "నా థ్రెషోల్డ్ 6:20 పేస్" అని జనవరి చలిలో తెలుసుకున్నవాళ్లు మే నెల ఉక్కపోతలో అదే 6:20కి పరిగెత్తితే మొదటి థ్రెషోల్డ్ ఎప్పుడో దాటేసి ఉంటారు. వేసవిలో హార్ట్ రేట్‌నే పట్టుకోండి, పేస్ ఎంత తగ్గినా పట్టించుకోవద్దు.

ఆల్ఫాతో వచ్చిన నంబర్‌ని, 220లోంచి వయసు తీసేసే లెక్కతో వచ్చిన జోన్లని కలిపి సగటు తీసేవాళ్లున్నారు. ఆ 220 లెక్క ఒక్కో మనిషి విషయంలో పది, పదిహేను బీట్లు తప్పడం మామూలే. దాన్ని కలపడం వల్ల మంచి కొలత చెడిపోతుంది తప్ప బాగుపడదు.

పట్టీ కొని ఏళ్లు గడిచినవాళ్లు ఇది కూడా చూసుకోండి. చెమట ఉప్పు పేరుకుని ఆ రబ్బరు భాగాలు గట్టిపడితే సిగ్నల్ పాడవుతుంది. ప్రతి పరుగు తర్వాత మంచి నీళ్లలో జాడించి, మాడ్యూల్ (పట్టీకి తగిలించే సెన్సర్) విప్పేసి ఆరబెట్టాలి. పట్టీ ఒక్కటే విడిగా దొరుకుతుంది, మాడ్యూల్‌తో సహా కొత్తది కొనక్కర్లేదు.

వచ్చింది సరైనదేనా? ఇలా చూసుకోండి

ఒకటి, వారం పది రోజుల్లోపు మళ్లీ చేయండి, అదే వేళకి, అదే చోట, అదే పట్టీతో. రెండు నంబర్ల మధ్య తేడా 5 బీట్ల లోపు ఉంటే నమ్మొచ్చు. 10 ఉంటే మూడోసారి చేయాలి.

రెండు, పద్యం పరీక్ష. టెస్ట్ రోజు కాదు, వేరే రోజు. చిన్నప్పుడు బడిలో కంఠతా పట్టిన పద్యం ఏదైనా సరే, నాలుగు పాదాలదైతే చాలు. మీ మొదటి థ్రెషోల్డ్‌కి పది బీట్లు తక్కువలో పరిగెత్తుతూ పైకి చదవండి. పాదం పాదం మధ్య మామూలుగా ఊపిరి తీసుకుంటూ హాయిగా చదవగలగాలి. థ్రెషోల్డ్ దగ్గర చదివితే పాదం చివరికొచ్చేసరికి ఊపిరి కోసం వెతుక్కోవడం మొదలవుతుంది. పది బీట్లు పైన, పాదం మధ్యలోనే తెగిపోతుంది. మీ నంబర్ దగ్గర పద్యం మొత్తం ఏకబిగిన అవలీలగా వచ్చేస్తుంటే నంబర్ తక్కువ వచ్చినట్టు, మొదటి పాదంలోనే తెగిపోతుంటే ఎక్కువ వచ్చినట్టు. ఇది చాలా మొరటుగా కనిపిస్తుంది కానీ యాప్‌కీ ఊపిరికీ పొంతన కుదరకపోతే నేను ఊపిరి మాటే వింటాను.

మూడు, గంట పరుగు. చల్లటి వేళ, సమతలమైన దారిలో, వామప్ అయ్యాక మీ మొదటి థ్రెషోల్డ్ కంటే కాస్త తక్కువ హార్ట్ రేట్ వచ్చే పేస్‌లో స్థిరపడి, పేస్ మార్చకుండా 60 నిమిషాలు. మొదటి అరగంట సగటు హార్ట్ రేట్, రెండో అరగంట సగటు చూడండి. పెరుగుదల 5 శాతం లోపు ఉంటే మీరు నిజంగానే థ్రెషోల్డ్ కింద ఉన్నారు. 145తో మొదలైంది 155కి చేరితే, అది దాదాపు 7 శాతం, నంబర్ ఎక్కువ వచ్చిందన్నమాట, లేదా ఆ రోజు ఎండ మీ మీద పనిచేసింది.

రెండో థ్రెషోల్డ్‌ని సరిచూడాలంటే కోచ్ జో ఫ్రీల్ చెప్పే 30 నిమిషాల టెస్టే సులువు. ఒంటరిగా, రేసులో లాగా, అరగంట పాటు నిలబెట్టుకోగలిగినంత వేగంగా పరిగెత్తండి. 10 నిమిషాల దగ్గర ల్యాప్ బటన్ నొక్కండి. చివరి 20 నిమిషాల సగటు హార్ట్ రేట్ మీ లాక్టేట్ థ్రెషోల్డ్ హార్ట్ రేట్‌కి దగ్గరగా ఉంటుంది. ఇక్కడ మొదటి థ్రెషోల్డ్ కాదు, రెండోది. ఈ రెండు పద్ధతుల్లో తేడా వస్తే నేనయితే అరగంట పరుగునే తీసుకోమంటాను, 0.5 దగ్గర ఆల్ఫా చాలామందిలో మొండికేస్తుంది, కొందరిలో రెండో థ్రెషోల్డ్ కంటే ముందే 0.5 దాటిపోతుంది, ఇంకొందరిలో దిగనే దిగదు.

వేలు గుచ్చుకోవడానికి సిద్ధంగా ఉండి, లాక్టేట్ స్కౌట్ లాంటి చిన్న మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే అదే మెట్ల టెస్టులో ప్రతి మెట్టు చివరా ఒక చుక్క తీసి పోల్చుకోవచ్చు. వేలిని ముందు నీళ్లతో కడిగి తుడవండి, చెమటలోనూ లాక్టేట్ ఉంటుంది, అది కలిస్తే నంబర్ ఎక్కడికో పోతుంది. మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకోండి. స్ట్రిప్పుల ఖర్చు ఎక్కువ, నలుగురు రన్నర్లు కలిసి ఒక డబ్బా కొనుక్కుంటే తేలికవుతుంది, సూదులు మాత్రం ఎవరివి వాళ్లకే, ఒకసారి వాడింది పారేయాల్సిందే.

ఎంతకీ కుదరకపోతే

కొందరిలో ఎంత మెల్లగా పరిగెత్తినా ఆల్ఫా 0.75 పైకి రాదు, కొందరిలో ఎంత గట్టిగా పరిగెత్తినా 0.75 కిందికి స్పష్టంగా దిగదు. పట్టీ మార్చి, తడి సరిచూసి, వేరే రోజు చేసినా అలాగే ఉంటే సైకిల్ మీదో జిమ్ బైక్ మీదో ఒకసారి ప్రయత్నించండి, ఒళ్లు ఎగిరెగిరి పడదు కాబట్టి సిగ్నల్ శుభ్రంగా వస్తుంది. అక్కడ నంబర్లు చక్కగా దిగితే సమస్య పట్టీదే. అయితే సైకిల్ మీద వచ్చిన థ్రెషోల్డ్ హార్ట్ రేట్ పరుగుకి వాడకండి, చాలామందికి సైకిల్‌దే తక్కువ ఉంటుంది. అక్కడా కుదరకపోతే ఈ పద్ధతి మీ గుండెకి సరిపడటం లేదంతే, పద్యం పరీక్ష, గంట పరుగు, 30 నిమిషాల టెస్ట్ మూడూ కలిపి వాడుకోండి, వాటితో కూడా మంచి మారథాన్లు పరిగెత్తినవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. బీట్లు మధ్యమధ్య తప్పుతున్నట్టు ప్రతిసారీ కనిపిస్తే, పట్టీ మంచిదని తేలాక కూడా, ఒకసారి ఈసీజీ తీయించుకోండి.

సుంటో వాచీ ఉన్నవాళ్లు అందులోని జోన్‌సెన్స్ అనే ఫీచర్ గురించి అడుగుతున్నారు. 2024లో వచ్చింది, ఛాతీ పట్టీతోనే పనిచేస్తుంది, వెనక ఉన్నది ఈ డీఎఫ్ఏ కుటుంబపు లెక్కే, కాస్త మార్చినది. దాన్ని వాడుకోవచ్చు. పట్టీ తడి, ఎండ, అలసట గురించి పైన చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి.

ఎప్పుడు మళ్లీ చేయాలి

ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చాలు. ప్రతి టెస్టుకీ తేదీ, వేళ, ఉష్ణోగ్రత, ముందు రాత్రి నిద్ర, తప్పుడు బీట్ల శాతం, ఏ యాప్, ఏ పట్టీ, ఇవి నంబర్ పక్కనే రాసుకోండి. ట్రైనింగ్ బాగా సాగుతుంటే థ్రెషోల్డ్ హార్ట్ రేట్ పెద్దగా మారకపోవచ్చు, అదే హార్ట్ రేట్‌కి పేస్ మెరుగవుతుంది, చూడాల్సింది అది. పట్టీ గానీ సాఫ్ట్‌వేర్ గానీ మార్చితే పాత నంబర్లతో పోల్చకుండా మొదటి నుంచి రెండు టెస్టులు చేసుకోండి.